దుమ్ము లేపితే ఓడినట్టే!

'అన్నయ్యా, ఈ ఆదివారం ఇంట్లోనే ఉంటావా? హైదరాబాద్ వస్తున్నాం. కారు నడపాలి.'

దుమ్ముగూడెం నుంచి మా బాబాయి కొడుకు ఫోన్. కారు నడపడానికి హైదరాబాద్ దాకా రావడమెందుకురా, అక్కడ రోడ్లు లేవా అన్నాను. నవ్వాడు. 'రోడ్డు మీద కాదన్నయ్యా, గ్రౌండ్‌లో. డెబ్బై సెకన్ల పని' అన్నాడు.

మూడు వందల పైచిలుకు కిలోమీటర్లు వచ్చి, డెబ్బై సెకన్లు కారు నడిపి, మళ్లీ మూడు వందల పైచిలుకు కిలోమీటర్లు వెనక్కి పోతారట! అదీ వాడొక్కడే కాదు. బాబాయి, పిన్ని, చెల్లి... ఇల్లంతా కదిలి వస్తోంది. ఎప్పుడూ మైలేజీలూ, సర్వీసింగులూ, ఈఎంఐలేనా, ఈ వారం కాస్త దుమ్ము కూడా తిందామని నేనూ వాళ్ల వెంట బయల్దేరాను.

ఆ ఆటని ఆటోక్రాస్ అంటారు. ఖాళీ మైదానంలో ట్రాఫిక్ పోలీసులు పెట్టే లాంటి ప్లాస్టిక్ కోన్లు వరసగా పెట్టి, మెలికలు తిరిగే దారి ఒకటి గీస్తారు. మామూలుగా ఒకసారికి ఒకటే బండి. పక్కన పోటీ పడే కారు ఉండదు, ఢీకొట్టుకోవడం ఉండదు. పోటీ గడియారంతో. జెండా ఊపగానే బయల్దేరి, ఆ మెలికలన్నీ దాటి, చివరి గీత దగ్గర ఆగాలి. కోన్ తగిలితే మీ టైముకి కొన్ని సెకన్లు కలుపుతారు. దారి తప్పితే ఆ పరుగు లెక్కలోకి రాదు. అంతే ఆట. మన దేశంలో ఎక్కువగా మట్టి మైదానాల్లోనే నడుస్తుంది. ఇంగ్లండ్‌లో గడ్డి పొలాల్లో ఆడతారు. అమెరికాలో అయితే పెద్ద పెద్ద పార్కింగ్ స్థలాల్లో. అక్కడ 1944లో పుట్టిన స్పోర్ట్స్ కార్ క్లబ్ ఆఫ్ అమెరికా వాళ్లు 'సోలో' పేరుతో దీన్ని ఊరూరా నడుపుతారు. డాలస్‌లో ఉండే మా బావ ఒకాయన నెలకోసారి వెళ్తాడు. అక్కడ కోన్ పడితే రెండు సెకన్ల జరిమానా. ఆయనకి నచ్చిన నియమం మాత్రం ఇంకొకటి: డబ్బు కట్టి ఆడేవాళ్లే మిగతావాళ్లు ఆడుతున్నప్పుడు ఎండలో నిలబడి పడిపోయిన కోన్లు ఎత్తి పెట్టాలి. కోటి రూపాయల కారులో వచ్చినా సరే, కోన్లు ఎత్తాల్సిందే!

ఆ నియమం గుర్తుంచుకోండి. దీంతో మనకి తర్వాత పని ఉంది.

ఆర్.ఎస్. అంటే ఎవరు?

మా తమ్ముడి కారు మూడేళ్ల కిందట సెకండ్ హ్యాండ్‌లో కొన్న బాలెనో. 'ఇంటికి పనికొస్తుంది, డిక్కీ పెద్దది, మిర్చి బస్తా కూడా పడుతుంది' అని చెప్పి బాబాయిని ఒప్పించాడు. వెనకాల డిక్కీ తలుపు మీద 'ఆర్ఎస్' అని రెండు అక్షరాలు చూసి పిన్ని అవేంట్రా అని అడిగితే, 'రాముడు, సీత' అని చెప్పాడట! పర్ణశాల పక్కన పుట్టి పెరిగిన పిన్నికి ఆ మాట ఎంత నచ్చిందంటే, పసుపు కుంకుమ పెట్టేటప్పుడు ముందు బానెట్ మీద కాకుండా ఆ రెండక్షరాలకే పెట్టేది.

అసలు సంగతేమిటంటే, అది మామూలు బాలెనో కాదు. మారుతీ వాళ్లు 2017లో 1 లీటరు టర్బో పెట్రోల్ ఇంజన్ పెట్టి, నాలుగు చక్రాలకీ డిస్క్ బ్రేకులిచ్చి తెచ్చిన రకం. శక్తి 102 పీఎస్. బరువు 950 కిలోలు. పెద్దగా అమ్ముడుపోలేదు. 2020 మొదట్లోనే ఆపేశారు. ఇలాంటి కార్లని హాట్ హ్యాచ్ అంటారు. పైకి చూస్తే కూరగాయల మార్కెట్‌కి వెళ్లే చిన్న కారు, లోపల ఒంటికి మించిన ఇంజన్. దీన్ని హాట్ అనడం కాస్త ఎక్కువేమో, గోరువెచ్చన అనుకోండి.

ఈ జాతి కార్లకి పెద్ద చరిత్రే ఉంది. డబ్బాలాంటి మినీ కూపర్ మాంటెకార్లో ర్యాలీని 1964, 1965, 1967లో గెలిచింది. దానికంటే రెండు మూడింతల ఇంజన్లున్న కార్లు వెనకబడిపోయాయి. మధ్యలో 1966లోనూ ముందొచ్చింది కానీ హెడ్‌లైట్లు నిబంధనల ప్రకారం లేవని తీసేశారు. తర్వాత 1976లో ఫోక్స్‌వాగన్ గోల్ఫ్ జీటీఐ వచ్చింది. 5,000 కార్లు అమ్ముడుపోతే చాలనుకున్నారు. ఆ మొదటి తరమే 4.6 లక్షలు అమ్ముడైంది. మన దగ్గర 2001లో ఫియట్ పాలియో 1.6 వచ్చినప్పుడు కుర్రకారు ఎంత మురిసిపోయారో నా వయసు వాళ్లకి గుర్తుండే ఉంటుంది. లీటరుకి ఎంతిస్తుందని అడిగిన వాళ్లెవరూ దాన్ని కొనలేదు! 2015లో 145 హార్స్‌పవర్ అబార్త్ పుంటో, 2016లో పాతిక లక్షలు దాటిన పోలో జీటీఐ, 2021లో ఐ20 ఎన్ లైన్, 2024లో ఆల్ట్రోజ్ రేసర్... వస్తూనే ఉన్నాయి. వచ్చినవి వచ్చినట్టే కొన్నాళ్లకి పోతూనే ఉన్నాయి. మనవాళ్లు మొదట అడిగేది మైలేజీ కదా మరి.

చర్ల రోడ్డు

సరే, కారు ఉంది. కుర్రాడికి పాతికేళ్లు. భద్రాచలం నుంచి చర్ల వైపు వెళ్లే రోడ్డు గోదావరి పక్కనే సాగుతుంది. ఒకవైపు నది, ఒకవైపు అడవి, మధ్యలో ఇసుక లారీలు. రాత్రి పదయ్యాక రోడ్డు ఖాళీ అనిపిస్తుంది. ఖాళీ కాదు. లైట్లు లేని ట్రాక్టరు ఉంటుంది, రోడ్డు మీద పడుకున్న గేదె ఉంటుంది, ఇప్పపూలు ఏరుకోవడానికి చీకట్లోనే బయల్దేరిన మనిషి ఉంటాడు.

మా వాడి స్నేహితుడొకడు రెండేళ్ల కిందట ఆ రోడ్డు మీదే పోయాడు. ఎవరెన్ని నిమిషాల్లో వెళ్లగలరో అని పందెం. వాడు బండి మీద, మావాడు కారులో. మావాడు వెనక ఉన్నాడు. ముందు మలుపులో వెలుగు ఒక్కసారి పైకి లేచి ఆరిపోయిందని, అంతకుమించి ఏం చూడలేదని చెప్తాడు. ఆ సంగతి ఇంట్లో చాలాకాలం ఎవరికీ తెలియదు. పందెం అన్నది మరీ తెలియదు. బాబాయికి తెలిసిన రోజున తిట్టలేదు, కొట్టలేదు. కారు తాళాలు తీసి జేబులో వేసుకున్నాడు. ఆరు నెలలు ఇవ్వలేదు.

రోడ్డు మీద పందేలు వేయడం మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ కింద నేరం. 2019 సవరణ తర్వాత మొదటిసారి దొరికితే మూడు నెలల దాకా జైలు లేదా 5,000 రూపాయల దాకా జరిమానా. చట్టం ఉంది సరే, చర్ల రోడ్డు మీద అర్ధరాత్రి దాన్ని అమలు చేసేదెవరు? తమ్ముడిని ఆపింది చట్టం కాదు. కానీ వేగం మీద ఆశ కూడా చావలేదు. అది ఎక్కడికి పోతుంది! ఆ దశలో డాలస్ బావ వీడియోలు పంపడం మొదలెట్టాడు. ఖాళీ పార్కింగ్, కోన్లు, పక్కనే ప్లాస్క్‌లో కాఫీ తాగుతూ కూర్చున్న ముసలాయన. 'ఇక్కడ రాలిపోవడానికి కోన్లు తప్ప ఏమీ లేవురా' అని రాశాడు.

ఆ ముక్కే బాబాయికి చదివి వినిపించాడు. బాబాయి ఆర్టీసీలో బస్సు నడిపి రిటైరైన మనిషి. మారేడుమిల్లి ఘాట్‌లో వానాకాలం రాత్రుళ్లు బస్సు దించినవాడు. కాసేపు ఆలోచించి ఒకే షరతు పెట్టాడట. 'ముందు మన పొలంలో నేర్చుకో. నేను చూసి సరేనంటేనే.'

పెయింట్ డబ్బాల ట్రాక్

సంక్రాంతి తర్వాత వరి కోతలైపోయి మడి ఎండిపోయింది. గట్లు చదును చేసి, ఖాళీ పెయింట్ డబ్బాలు పాతిక దాకా పోగేశారు. అవే కోన్లు. సాయంత్రం ఐదింటికి మొదలెడితే ఊళ్లో పిల్లలంతా గట్టు మీదే. చెల్లి భద్రాచలంలో ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెబుతుంది. బస్సు దిగి ఇంటికి పోకుండా నేరుగా పొలానికే వచ్చేది. ఫోన్‌లో స్టాప్‌వాచ్ నొక్కడం, కాగితం మీద టైము రాయడం, పడిపోయిన డబ్బాలు ఎత్తి పెట్టడం ఆమె పని. డాలస్‌లో అందరూ వంతులేసుకుని చేసే పని ఇక్కడ ఆమె ఒక్కదాని మీదే పడిందన్నమాట.

మూడు వారాలు అలా గడిచాయి. నాకు ఆ కాగితాలు చూపించింది. పరుగు నంబరు, టైము, పడ్డ డబ్బాలు. నాలుగో గడిలో 'దుమ్ము' అని ఉంది. ఎక్కువ, మధ్యస్థం, తక్కువ. ఇదేంటమ్మా అన్నాను. 'లెక్క కోసం రాశానన్నయ్యా. దుమ్ము ఎక్కువ లేచినప్పుడల్లా టైము కూడా ఎక్కువే వస్తోంది. అన్నకి చెబితే నవ్వాడు. దుమ్ము లేపకపోతే రేసేముంది అన్నాడు.'

కారు తయారీ సంగతి వేరే కథ. కుర్రాళ్లకి తయారీ అంటే పెద్ద సైలెన్సరు, ఇంజన్ కంప్యూటర్‌లో ప్రోగ్రామ్ మార్పించి నలభై గుర్రాలు ఎక్కువ కట్టడం. భద్రాచలంలో తెలిసిన మెకానిక్ షెడ్డుకి వెళ్లి అదే అడిగాడు. ఆయన బానెట్ ఎత్తి, మూత తీసి, బ్రేక్ ఆయిల్ చూపించాడట. నల్లగా కషాయంలా ఉంది. 'ముందు ఆపడం నేర్చుకో, పరిగెత్తించడం తర్వాత' అని ఆయిల్ మొత్తం తీసి కొత్తది పోశాడు. ఇందులో మర్మం ఉంది. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమని పీల్చుకుంటుంది. తేమ పెరిగినకొద్దీ తక్కువ వేడికే మరుగుతుంది. మరిగితే గొట్టాల్లో బుడగలు. అప్పుడు పెడల్ తొక్కితే మెత్తగా కిందికి పోతుంది, కారు మాత్రం ఆగదు. ఎవరైనా సరే, ఆటోక్రాస్ ఆడకపోయినా, రెండేళ్లకోసారి మార్పించుకోండి.

తర్వాత బ్రేక్ ప్యాడ్లు. తర్వాత నాలుగు టైర్లు. డబ్బంతా అక్కడే అయిపోయింది. కారుకీ నేలకీ మధ్య ఉండేది నాలుగు అరచేతులంత రబ్బరే కదా! గాలి ఎంత పెట్టాలన్న దాని మీద ఇంట్లో పెద్ద చర్చ. మరీ తక్కువైతే గట్టి మలుపులో టైరు పక్కకి వాలి రిమ్ముని వదిలేసే ప్రమాదం. మరీ ఎక్కువైతే మట్టి మీద బంతిలా ఎగురుతుంది. డాలస్ బావ ఒక చిట్కా చెప్పాడు. టైరు అంచు మీద సుద్దముక్కతో అడ్డగీత గీసి ఒక చుట్టు తిప్పి రావాలి. గీత ఎంతవరకు చెరిగిందో చూస్తే టైరు పక్కకి ఎంత వాలుతోందో తెలుస్తుంది. అది తారు మీద చక్కగా పనిచేస్తుంది. వరి మడిలో మాత్రం గీత మొత్తం మట్టి మింగేసింది! చివరికి కంపెనీ చెప్పిన దానికంటే ముందు చక్రాల్లో రెండు పాయింట్లు పెంచి ఊరుకున్నారు.

ఇంజన్ కింద రాయి తగలకుండా ఇనప రేకు బిగించారు. డిక్కీలోంచి స్టెప్నీ, జాకీ, మ్యాట్లు, గొడుగు, ఎప్పటిదో సగం బస్తా ఎరువు... అన్నీ దించేశారు. టర్బో విషయంలో మెకానిక్ ఒక జాగ్రత్త చెప్పాడు. పరుగు అవ్వగానే తాళం తిప్పేసి దిగొద్దు, ఒక నిమిషం ఇంజన్ అలా ఆడనివ్వు, లేకపోతే ఎర్రగా కాలిన టర్బోకి ఆయిల్ అందక లోపలే మాడిపోతుందని.

ఇన్సూరెన్స్ కాగితం చదివింది చెల్లే. మన మామూలు మోటారు పాలసీల్లో వాడకం పరిమితుల దగ్గర చిన్న అక్షరాల్లో ఒక వాక్యం ఉంటుంది, మీది కూడా తీసి చూసుకోండి. పోటీలకి, వేగం పరీక్షలకి వాడినప్పుడు పాలసీ వర్తించదని. అంటే మైదానంలో కారు పల్టీ కొడితే పైసా రాదు. ఇంకా పద్నాలుగు నెలల వాయిదాలున్నాయి. సోమవారం బాబాయిని భద్రాచలంలో కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాల్సింది కూడా ఆ కారులోనే. ఇదంతా విన్నాక బాబాయి అన్న మాట: 'గీత పడితే పర్లేదు. పల్టీ కొడితే మనం బస్సే.'

మైదానంలో

ఆదివారం పొద్దున ఆరున్నరకే నగరం శివార్లలోని ఆ మైదానానికి చేరాం. ముందు కార్ల తనిఖీ. హెల్మెట్లు చూశారు, సీటు బెల్టులు లాగారు, బ్యాటరీని అటూ ఇటూ ఊపి చూశారు, చక్రాల బోల్టులు బిగించి చూశారు. కారులో అంటించనిది, బిగించనిది ఏదీ ఉండకూడదు. నీళ్ల సీసా కూడా. మలుపులో అది వచ్చి బ్రేక్ పెడల్ కింద ఇరుక్కుంటే చాలు.

తనిఖీ చేసేవాళ్ల చూపు డాష్‌బోర్డు మీద ఆగింది. భద్రాచలం రాములవారి చిన్న విగ్రహం. కారు కొన్నరోజు పిన్ని పెట్టింది. 'ఇది కూడా తీయాలమ్మా' అన్నారు మర్యాదగానే. పిన్ని ముఖం మాడిపోయింది. సరిగ్గా ఆయన అవసరమున్న చోటే ఆయన్ని దించేయడమేంటి? వాదన జరుగుతుందేమో అనుకున్నా. ఆమే వచ్చి విగ్రహాన్ని జాగ్రత్తగా తీసి కొంగులో కట్టుకుని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. సాయంత్రం దాకా కింద పెట్టలేదు.

ఇంకో చిక్కు వచ్చిపడింది. పోటీలో ఇంజన్ సీసీని బట్టి తరగతులు. మాది 998 సీసీ, చిన్న కార్లతో ఆడొచ్చని మావాడి ధీమా. కానీ ఎఫ్ఐఏ నిబంధనల్లో టర్బో ఉన్న పెట్రోల్ ఇంజన్ సీసీని 1.7తో గుణిస్తారు. ఇక్కడా అదే లెక్క అన్నారు. చెల్లి నోటితోనే చెప్పేసింది, 'దాదాపు 1,697'. అంటే పెద్ద ఇంజన్ల గుంపులో పడ్డాం. అక్కడున్న కార్లు చూస్తే... లోపల సీట్లన్నీ పీకేసి ఇనప గొట్టాల పంజరం బిగించినవి, ట్రెయిలర్ మీద ఎక్కించుకుని తెచ్చినవి. మాది మాత్రం రాత్రంతా పులిహోర డబ్బాతో సహా వచ్చిన కారు.

మహిళలకి వేరే తరగతి ఉంది. ఒకే కారుని ఇద్దరు నడపొచ్చు. ఈ సంగతి తెలిసి చెల్లి పేరు కూడా ముందే రాయించింది. ఆ విషయం మాలో బాబాయికి తప్ప ఎవరికీ తెలియదని అప్పుడు బయటపడింది! తాళాలు దాచిన ఆ ఆరు నెలల్లో సాయంత్రాలు బాబాయి ఆమెకి డ్రైవింగ్ నేర్పాడట. పొలంలో కూడా అన్న ఇంటికెళ్లాక నాలుగైదు చుట్లు తిప్పేదట.

పరుగుకి ముందు ట్రాక్ మీద నడిచి చూసుకోనిస్తారు. ఇదే అసలు పరీక్ష అని నాకనిపించింది. కారులో కూర్చున్నాక కోన్లన్నీ ఒక్కలాగే కనిపిస్తాయి. ఏ కోన్ తర్వాత ఎటు తిరగాలో కాళ్లతో నడిచి గుర్తుపెట్టుకోవాలి. తమ్ముడు రెండుసార్లు నడిచి కుర్రాళ్లతో కబుర్లలో పడ్డాడు. చెల్లి ఐదుసార్లు నడిచింది. వెనకాలే బాబాయి, చేతులు వెనక్కి కట్టుకుని. ఆయన చెప్పింది ఒక్కటే మాట, నేను పక్కనే ఉండి విన్నాను. 'కోన్‌ని చూడకమ్మా. గుంతని చూసినోడు గుంతలోకే పోతాడు. పోవాల్సిన దారి చూడు, చెయ్యి దానంతటదే తిరుగుద్ది.'

తమ్ముడి మొదటి పరుగు. జెండా పడగానే ఇంజన్ అరిచింది, ముందు చక్రాలు ఉన్నచోటే గిర్రున తిరిగాయి, కారు కనిపించనంత ఎర్ర దుమ్ము. జనం ఈలలు! ముందు చక్రాలతో లాగే కారుకి ఒక జబ్బుంది. లాగేదీ, తిప్పేదీ ఆ రెండు చక్రాలే. యాక్సిలేటర్ గట్టిగా తొక్కితే పట్టంతా లాగడానికే ఖర్చయిపోతుంది, తిప్పడానికి మిగలదు. స్టీరింగ్ ఎంత తిప్పినా కారు ముక్కుసూటిగా పోతుంది. మూడో మలుపులో అదే అయింది, కోన్ ఎగిరిపడింది. ఐదో మలుపులో సినిమాలో లాగా హ్యాండ్ బ్రేక్ లాగాడు. వెనకభాగం కావాల్సిన దానికంటే ఎక్కువ తిరిగింది, మళ్లీ సర్దుకుని బయల్దేరేసరికి రెండు సెకన్లు గంగలో కలిశాయి. గోదాట్లో అనాలేమో. కోన్ జరిమానాతో కలిపి నిమిషం పంతొమ్మిది సెకన్లు. చప్పట్లు మాత్రం ఆ గుంపులో అందరికంటే ఎక్కువ వాడికే.

రెండోది నిమిషం పదిహేను. వాడి ముఖంలో నవ్వు పోయింది. ట్రెయిలర్ మీద వచ్చిన కార్లు అప్పటికే నిమిషం ఐదు, నిమిషం ఆరు చేస్తున్నాయి.

మహిళల తరగతి వచ్చింది. చెల్లి హెల్మెట్ పెట్టుకుని, సీటు ముందుకు జరుపుకుని కూర్చుంది. జెండా పడింది. ఈల లేదు, అరుపు లేదు. కారు నింపాదిగా కదిలినట్టే అనిపించింది. మలుపుకి చాలా ముందే బ్రేక్ వేస్తోంది. తొందరపడి వేసేస్తోందే అనుకున్నాను. కానీ మలుపులో కారు బరువంతా ముందు చక్రాల మీద వాలి, ముక్కు చక్కగా లోపలికి తిరుగుతోంది. అప్పుడు కదా యాక్సిలేటర్! మలుపు బయటికొచ్చేసరికి కారు అప్పటికే పరుగు అందుకుని ఉంది. దుమ్ము చక్రాల వెనక సన్నని తోకలా, అంతే. నా పక్కన కూర్చున్నాయన 'పాపం, కొత్తమ్మాయి' అన్నాడు.

బోర్డు మీద రాశారు. నిమిషం పన్నెండు.

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చూశాడు. మా తమ్ముడికి తుడుచుకోవాల్సిన పని లేదు, బాగానే కనిపించింది.

మూడో పరుగుకి ముందు వాడు చెల్లి దగ్గరికి వెళ్లి ఏదో అడగడం దూరం నుంచి చూశాను. ఆమె సంచిలోంచి ఆ కాగితాలు తీసి చూపించింది. మూడు వారాలుగా చూపిస్తూనే ఉన్న కాగితాలు. కారులో ఉన్నవాడికి లోపల అంతా వేగంగానే అనిపిస్తుంది. కారు జారుతుంటే, ఇంజన్ అరుస్తుంటే గుండె కొట్టుకుంటుంది, దాన్నే వేగమనుకుంటాం. బయట నిలబడి డబ్బాలు ఎత్తి పెట్టే మనిషికి మాత్రం కారు ఎక్కడ ఆగిపోతోందో స్పష్టంగా కనిపిస్తుంది. దుమ్మంటే ఏమిటి? ముందుకి వెళ్లాల్సిన బలం నేలని తవ్వడానికి ఖర్చయితే లేచేది. డాలస్‌లో అందరి చేతా కోన్లు ఎత్తించడం వెనక ఇది కూడా ఉందో లేదో గానీ, ఉంటే మంచిదే.

మూడో పరుగులో తమ్ముడు ఒక్క కోన్ కూడా తగల్లేదు. హ్యాండ్ బ్రేక్ ముట్టుకోలేదు. ఎవరూ ఈల వేయలేదు. నిమిషం పన్నెండున్నర. మొదటిదాని మీద ఆరు సెకన్లకి పైగా తగ్గింది. చెల్లిని మాత్రం దాటలేదు, అర సెకను! పైగా ఆమె తన చివరి పరుగులో ఇంకొంచెం తగ్గించి నిమిషం పదకొండుకి వచ్చింది. తరగతిలో రెండో స్థానం, అరచెయ్యంత కప్పు. తమ్ముడు వాళ్ల తరగతిలో పదకొండు మందిలో ఏడోవాడు. పంజరాలు లేని, ఇంటి నుంచి నడుపుకుంటూ వచ్చిన కార్లలో ముందున్నది తనదేనని వెతికి వెతికి ఒక లెక్క చెప్పాడు. చెల్లి సరిచేయబోయి ఎందుకో ఊరుకుంది.

సరదా పడి మీరూ వెళ్లాలనుకుంటే ఒక మాట. అధికారికంగా జరిగే పోటీలకి ఎఫ్ఎంఎస్‌సీఐ ఇచ్చే లైసెన్సు ఉండాలి. అక్కడ అంబులెన్సు, మంటలార్పే సిలిండర్లు, జెండాలు పట్టుకునే మనుషులు ఉన్నారో లేదో ముందు చూసుకోండి. అవి లేనిచోట ఎంత చవగ్గా ఆడనిచ్చినా ఆడకండి. మీ కారేదైనా పర్లేదు. ఆ రోజు ఒకాయన పాత మారుతీ 800లో వచ్చి, ఇంజన్‌లో మాకు సగం కూడా లేని ఆ కారుతో మా తమ్ముడి మొదటి టైముని దాటేసి, టిఫిన్ బాక్సు విప్పుకుని తింటూ కూర్చున్నాడు.

సాయంత్రం పిన్ని కొంగుముడి విప్పి రాములవారిని మళ్లీ డాష్‌బోర్డు మీద పెట్టింది. ఉదయం తెల్లగా వచ్చిన కారు సాయంత్రానికి మిర్చి కల్లంలో దొర్లినట్టు ఎర్రగా ఉంది. కడుక్కుని వెళ్లండిరా అంటే వినలేదు. ఊళ్లో పిల్లలకి చూపించాలట. వెనకాల ఆ రెండక్షరాలు మాత్రం పిన్ని కొంగుతో తుడిచింది.

కారు తెల్లారగట్ల ఊరు చేరిందని సోమవారం పొద్దున ఫోన్ వచ్చింది. భద్రాచలం వంతెన దాటాక ఇసుక లారీలు ఒకదాని వెనక ఒకటి హారన్ కొడుతూ దాటుకుని పోయాయట. మన కారు అరవై దాటలేదట. 'ఆ మలుపు దగ్గర ఆపాం కాసేపు' అన్నాడు. ఏ మలుపో నేను అడగలేదు.

బాబాయిని కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లారా అని అడిగాను. తీసుకెళ్లారట. చూపు బాగానే ఉందన్నారట. కారు నువ్వేనా నడిపింది అంటే అటునుంచి కాసేపు మాట లేదు.

'స్కూలుకి సెలవు పెట్టిందన్నయ్యా' అన్నాడు.